నిచ్చెనలో ఒక ఖాళీ

“ఉన్నయే రెండు చేతులు టీచర్, మూడోది ఏడికెళ్లి తేవాలె?” అని ఎరిక్ ఎదురు తిరిగాడు.

“దస్తీ ఉంది కదరా! ఇద్దరూ చెరో కొస పళ్లతో పట్టుకోండి,” అంది జెరూషా టీచర్.

చిలకలగూడ బడిలో రేపటి ప్రదర్శనకు ఆమె పిల్లలతోనే డీఎన్ఏ కడుతోంది. ఎడినిన్‌కు థైమిన్‌తో రెండు బంధాలు, గ్వానిన్‌కు సైటోసిన్‌తో మూడు. కలిపిన ఒక్కో చేయీ ఒక బంధం, మూడోదానికి చేతిరుమాలు. కొంగు దోపి, భుజాలు పట్టి జతలను మెలికల నిచ్చెనలా తిప్పుతుంది. జత తప్పితే ఈల వేసి, తనే ముందు నవ్వేస్తుంది. చివర్లో గ్వానిన్ అట్ట మెడలో వేసుకున్న ఫెయిత్ ఒక్కతే మిగిలింది. జతగాడికి జ్వరమట. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒకప్పుడు ఇదే బడిలో చదివి, ఇప్పుడు ప్రహరీ గోడ మీద కూర్చుని చూస్తున్న నా వైపు టీచర్ తిరిగింది.

“కాలేజీ ఎట్లాగూ ఇడిచిపెట్టినవ్. రేపు జెర సైటోసిన్‌గా నిలబడరా. ఉతికిన దస్తీ తెచ్చుకో.”