చుక్కల మాస్టారు గుమ్మం బయట కూర్చున్న సాయంత్రం

కొందరుంటారు, ఎదుటి మనిషి చొక్కా కాలరు సరిచేయందే మాట మొదలుపెట్టలేరు. ఏ ఊరు వెళ్ళినా ఒకరైనా తగులుతారు. రైలుపెట్టెలో మన సంచీ మనకన్నా ముందు వాళ్ళే సర్దేస్తారు. చుక్కల మాస్టారిదీ అదే కోవ. రసాయనశాస్త్రం చెబుతారు, దేన్నయినా చుక్కల్లో కొలుస్తారు కనుక పిల్లలు ఆ పేరు పెట్టారు. ఇంట్లో భార్య అటు తిరిగితే చాలు, పొయ్యిమీది గిన్నెలో చిటికెడు ఉప్పు పడుతుంది.

“ఏమండీ, వంట నాదా, మీదా?”

“నీదే. కాస్త సాయం చేశానంతే.”

“మీ సాయం పుణ్యమా అని ఇంటిల్లిపాదీ మంచినీళ్ళ బిందెలు ఖాళీ చేస్తున్నాం!”

ఆ ఏడు ప్రయోగాల పోటీకి ఆయన తరగతిలోని ఒక దర్జీ కూతురు ఎంపికైంది. అంశం రసాయన సమతాస్థితి. కోబాల్టు క్లోరైడు ద్రావణాన్ని ఐసునీళ్ళలో పెడితే గులాబీ, వేడినీళ్ళలో పెడితే నీలం. రెండు రూపాలూ ఆ గాజుగొట్టంలోనే ఉంటాయి. ఎవరిది పైచేయి అన్నది వేడి తేలుస్తుంది. సాధనలో రంగులు ఆ పిల్ల చెప్పినట్టల్లా విన్నాయి.

అయితే పోటీలో ద్రావణం కూడా పిల్లలే కలుపుకోవాలి, మాస్టార్లు బయటే ఉండాలి. రేపు పోటీ అనగా ఆమె మొదటినుంచీ తనే కలిపింది. వేడినీళ్ళలో ఎంతసేపు ఉంచినా గులాబీ గులాబీగానే ఉండిపోయింది.

“సార్, ఇది ఉలకదు, పలకదు. మందు పాడైందంటారా?”

మాస్టారు అసలు సంగతి ఒప్పుకున్నారు. రోజూ ఆమెకన్నా ముందే వచ్చి, ద్రావణంలో గాఢమైన యాసిడ్ చుక్కచుక్కగా వేసి, ఊదారంగుకు తెచ్చి పెట్టేవారు. అక్కడికి చేరిన ద్రావణమే వేడికి ఇటూ చలికి అటూ మొగ్గుతుంది. పిల్ల చేతులు కాల్చుకుంటుందన్న భయం కొంత. ఆ ఊదారంగు పట్టడం తనకు మహా ఇష్టమన్నది మిగతాది.

“అంటే ఇన్నాళ్ళూ నేను చేసింది నీళ్ళలో ముంచడమేనా?”

“అలా అనకమ్మా…”

“మా నాన్నయితే గుడ్డ నా చేతిలో పడేసి, కాజా కుట్టమని వీధిలోకి వెళ్ళిపోతాడు సార్. మీరూ కాసేపు బయట కూర్చోండి. ఇక్కడుంటే మీ చెయ్యి ఊరుకోదు.”

ఆమె చేతి తొడుగులు, కళ్ళద్దాలు వేసుకునేదాకా నిలబడి, కిటికీలన్నీ తెరిచి, మాస్టారు గుమ్మం బయట బల్లమీద కూలబడ్డారు. లోపల ఆమె తొందరపడింది. యాసిడ్ ఎక్కువపడి, రంగు ఊదా దాటిపోయి ముదురు నీలం తిరిగింది. ఐసులో పెట్టినా దిగిరాలేదు.

గుమ్మంలోంచి చూస్తున్న మాస్టారు లేచారు. నీళ్ళు, చుక్క నీళ్ళు చాలు! నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో తన పిల్లలెవరూ ఈ తప్పు చేయలేదు. చేయనిస్తే కదా, అనిపించింది. మళ్ళీ కూర్చున్నారు.

ఆమె గొట్టాన్ని వెలుతురుకెత్తి చాలాసేపు చూసింది. నీళ్ళసీసా తీసుకుంది. నీలం పలచబడి ఊదాకు దిగింది. వేడికి నీలం, ఐసుకు గులాబీ.

“వచ్చేసిందిగా, ఇంక ఇంటికెళ్ళమ్మా!”

“ఇది తప్పు దిద్దుకుంటే వచ్చింది సార్. దిద్దకుండా ఒకసారి రానివ్వండి.”

రెండోసారి సరిగ్గా ఊదా దగ్గరే ఆగినప్పుడు ఆమె గుమ్మంవైపు చూడనైనా లేదు. మాస్టారికి కాస్త చిన్నతనంగా అనిపించింది. రేపటి పోటీ భయం మాత్రం ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియలేదు.