భాగ్య అడిగిన మాట

చందుర్తి దగ్గరి ఒక చిన్న ఊర్ల సర్కారు బడికి తల్లిదండ్రుల కమిటీ అధ్యక్షురాలు భాగ్య. ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుట్టుకుంటనే, ఎవరి పిల్ల బడికి పోలేదో వాకిట్ల పోయేటోళ్ళను అడిగేది. వేళ్ళ కొనలు ఎప్పుడూ తంబాకు రంగే. వానొస్తే బడి కప్పు కారేది. శ్రీశైలం సారు పిల్లల్ని ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుకుంట పాఠం చెప్పేటోడు. పిల్లల సంఖ్యను బట్టి వచ్చే నిధులు చాక్‌పీసులకు, కరెంటు బిల్లుకే సరిపోయేవి.

బడులకు నిధులు ఎట్ల పంచాలో మళ్ళీ పరిశీలించే కమిటీ సిరిసిల్లకు వస్తే, సారు ఆమెను వెంట తీసుకపోయిండు. తలకు ఇంత అని ఇస్తే అందరికీ న్యాయమేనని ఒక అధికారి చెప్పిండు. భాగ్య కొంగు సవరించుకొని లేచింది. "సారూ, మా బడిల పంతొమ్మిది మందే. గని వాన పిల్లల్ని లెక్కవెట్టి కురుస్తదా? ఇరవై మందికైనా నలభై మందికైనా గదికి కప్పు ఒక్కటే గదా."

కమిటీ పెద్దమేడం ఆ మాట రాసుకొని, "ఎంతవరకు చదివినవమ్మా?" అని అడిగింది.

"గా బడిలనే, అయిదు దాక. నలుగురిల నిలబడి మాట్లాడుడు గాడనే నేర్చుకున్న మేడం."

మరుసటేడు చిన్న బడులకు పిల్లల లెక్కతో పనిలేకుండ కొంత నిధి ఇచ్చిన్రు. కప్పు బాగైంది. తొలకరి వాన పడ్డనాడు భాగ్య చాట పక్కనపెట్టి బడికి పోయింది. పిల్లలు ఎవరి జాగల వాళ్ళు కూసొని చదువుతున్నరు. సారు లోపలికి రమ్మన్నడు.

"వద్దు సారూ, పాఠం ఆపకున్రి" అని, అరుగు మీద తడుసుకుంటనే నిలబడి ఆఖరిదాక విన్నది.