తల్లి ఆగిన చోటు

దేవకుమారి పుట్టింది బాపట్లలో, కాపురం తెనాలిలో, ఉద్యోగం రేపల్లెలో. ఈ మూడూళ్ళ మధ్య ఆమె తిరిగిన తిరుగుడు కొలిస్తే ఢిల్లీకి ఎన్నిసార్లు పోయిరావచ్చో గానీ, ఆవిడ మాత్రం ఢిల్లీ మొహం చూడలేదు. పొద్దున్నే తెనాలిలో పాసింజరెక్కడం, రేపల్లె డిగ్రీ కాలేజీలో జువాలజీ పాఠం చెప్పడం, తిరుగు దారిలో భట్టిప్రోలు దగ్గర దిగిపోయి కాలవగట్టు మీద ఒక తాటిచెట్టు కింద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చోవడం. ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన ఈ పని పదవీ విరమణ రోజు దాకా మానలేదు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళు. ఆమె పరిశోధనంతా ఆ పిట్టల మీదే.

ఈ పిచ్చిని అంటించింది నాయనమ్మ. "గిజిగాడు గూట్లో బంకమట్టి మెత్తి, దానికి మిణుగురు పురుగును అంటించి దీపం పెట్టుకుంటుందే" అని చెప్పేదావిడ. బాపట్లలో లూథరన్ బడి పంతులు గారి కూతురైన దేవకుమారికి అనుమానాలెక్కువ. గాలివానకు రాలిన గూడొకటి దొరికితే చీల్చి చూసింది. మట్టి ఉంది, మిణుగురు లేదు. "నాయనమ్మా, దీపం లేదే!" అంటే, "ఆరిపోయుంటుందిలేవే" అంది ముసలావిడ తొణక్కుండా. ఆ జవాబు మనవరాలిని ఎమ్మెస్సీ దాకా, అక్కణ్ణుంచి డాక్టరేటు దాకా తోలుకుపోయింది.

చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. పులి మీద చేస్తే ఒక అందం, ఏనుగు మీద చేస్తే ఒక చందం, పిచ్చుకంత పిట్ట మీద డాక్టరేటేంటి, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాకపోతే! రైతులదింకో గోల. "వడ్లు తినే పిట్టను చూట్టానికి గవర్నమెంటు జీతమిస్తందా టీచరమ్మా? దాన్ని తోలే మందేదన్నా కనిపెట్టండి, దణ్ణం పెడతాం" అనేవారు. దేవకుమారి వాదించేది కాదు. బైనాక్యులర్ వాళ్ళ చేతికిచ్చి, పిల్లలకు తల్లి ఏం తెస్తోందో చూడమనేది. పొలంలోని మిడతలు, గొంగళిపురుగులు వాళ్ళ కళ్ళ ముందే గూళ్ళలోకి పోతుంటే ఆ నోళ్ళు మూతపడేవి. మరుసటేడు మళ్ళీ తెరుచుకునేవి, అది వేరే సంగతి.

భర్త రాజారత్నం తెనాలిలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనాడు. మనిషి గట్టిగా అరుస్తాడు గానీ మనసు వెన్న. "నాకు సవతి పోరు లేదనుకునేరు, ఉంది, అది తాటిచెట్టు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. వానాకాలం వస్తే మాత్రం గొడుగు, ఫ్లాస్కులో టీ పట్టుకుని తానే ఆ సవతి దగ్గరికి వెళ్ళేవాడు.

ఆ చెట్టు కింద చూడ్డానికేముందంటే, బోలెడుంది. మగపిట్ట సగం గూడు అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు టపటపలాడించి పిలుస్తుంది. ఆడపిట్ట పెళ్ళిచూపులకొచ్చిన మేనత్తలా వస్తుంది. పోచ లాగి చూస్తుంది, లోపలికి తొంగి చూస్తుంది. నచ్చకపోతే తుర్రుమంటుంది, మగపిట్ట కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు. నచ్చితే మగపిట్ట గూడు పూర్తి చేసిచ్చి ఇంకో గూడు మొదలుపెడుతుంది. గుడ్లు పొదగడం, పిల్లల్ని సాకడం దాదాపుగా తల్లి పనే.

ఒక ఏడాది దేవకుమారి ఒక పరీక్ష చేసింది. పిల్లలున్న గూటిని మట్టతో సహా కోయించి, పక్క మట్టకు, ఇట్టే చెయ్యి చాపితే అందేంత దూరంలో కట్టించింది. తల్లి మిడతను నోట కరుచుకుని వచ్చింది. వచ్చి, గూడు ఇంతకుముందున్న చోట, ఉత్తగాలిలో, రెక్కలాడిస్తూ ఆగిపోయింది. పక్కనే పిల్లలు గీపెడుతున్నాయి. తల్లి అటు తిరగదే! పోయింది, వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది. చూసి చూసి దేవకుమారికి కన్నీళ్ళాగలేదు. గూటిని పాత చోటికి మార్పించగానే తల్లి చటుక్కున లోపలికి దూరింది. గూటిని కాదు, తల్లి చోటును గుర్తుపెట్టుకుంటుందని ఆమెకు తెలిసిపోయింది.

వ్యాసం రాసి పెద్ద పత్రికకు పంపితే, ఒక్క గూటితో తేల్చలేం, ఇంకొన్ని గూళ్ళు కదిపి చూడండని వాళ్ళు జవాబు రాశారు. వాళ్ళ మాటలో తప్పేమీ లేదు. ఆమెకే చేతులు రాలేదు. "ఆ తల్లిని చూసినదాన్ని. రెండోసారి ఆ పని చెయ్యలేనండీ" అంది భర్తతో. ఆ వ్యాసం ఒక చిన్న పత్రికలో వచ్చి, ఎవరూ చదవకుండా మూలపడింది. తోటివాళ్ళు ప్రొఫెసర్లై విశాఖపట్నం, హైదరాబాదు వెళ్ళిపోయారు. దేవకుమారి తాటిచెట్టు కిందే ఉండిపోయింది. అప్పుడప్పుడూ బాధపడిన మాట నిజం, దాచడమెందుకు.

ఆమెకొక అలవాటుండేది. పిట్టలు వదిలేశాక రాలిన ఖాళీ గూళ్ళు ఏరి, ఏడాది చివర పిల్లలకు బహుమతిగా ఇచ్చేది. మార్కులొచ్చినవాళ్ళకు కాదు, చెట్టు కింద ఓపిగ్గా కూర్చున్నవాళ్ళకు. అలా గూడు సంపాదించినవాడే శాలేమురాజు. పరీక్షల మీద దండయాత్రలు చేసి గట్టెక్కాడు గానీ, చెట్టు కింద కూర్చుంటే కదిలేవాడు కాదు. "ఒకసారి వచ్చిపోయిన తల్లిని నమ్మకూడదర్రా. రెండోసారి మేత తెస్తేనే ఆ గూడు తనదనుకున్నట్టు" అని ఆమె చెబితే తలూపేవాడు. ఇప్పుడతను అదే కాలేజీ ఆఫీసులో గుమాస్తా. ఆ గూడు ఇప్పటికీ అతని ఇంట్లో తండ్రి ఫొటో పక్కన వేలాడుతోంది. భార్యను దాని దుమ్ము కూడా దులపనివ్వడు.

అటువంటివాడు మేడమ్ రిటైరవుతుంటే ఊరుకుంటాడా? రేపల్లెలో కళ్యాణ మండపం మాట్లాడాడు. "మండపమెందుకురా, నాలుగు గారెలు వండించి పంచితే చాలదూ" అని ఆమె చెవినిల్లు కట్టుకుని పోరినా వినలేదు. ఆగస్టు చివర, సరిగ్గా గూళ్ళు పిల్లలతో కళకళలాడే రోజుల్లో, సన్మానం జరిగింది.

వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి దండ వేశాక ఆమె తలెత్తి చూసింది. వేదికకు కట్టిన తోరణం పూలతోరణం కాదు. వరసగా గిజిగాళ్ళ గూళ్ళు. 'ఎంత ముచ్చటగా కట్టాడు' అనుకుంది మొదట. రాలిన గూళ్ళు చివికి, నల్లబడి ఉంటాయి. ఇవి నిండుగా ఉన్నాయి, కొన్నింటి అంచుల్లో పచ్చపోచలు కూడా కనిపిస్తున్నాయి. అంతలో మైకు ఒక వక్త నుంచి ఇంకో వక్త చేతిలోకి మారింది. ఆ నిశ్శబ్దంలో ఆమె నెత్తి మీది నుంచి సన్నగా కీచుమని వినిపించింది.

దేవకుమారి కుర్చీ మీదికెక్కి నిలబడింది. గూటి కింద దారిలా వేలాడే గొట్టంలోంచి వేళ్ళు పైకి పోనిచ్చింది. వెచ్చగా, మెత్తగా తగిలింది.

"ఒరేయ్ శాలేమూ, ఇవెక్కడివిరా?"

"మన చెట్టువే మేడమ్!" మొహమంతా నవ్వుతో పరిగెత్తుకొచ్చాడు. "తెల్లారకముందే సుబ్బయ్య బాబాయిని చెట్టెక్కించానండి. కొత్తవి ఏరి ఏరి కోయించా. పాతవున్నాయి గానీ, సన్మానానికి ఎవరైనా పాతచీర పెడతారా అండి?"

తిడదామని తెరిచిన నోరు ఆ నవ్వు చూసి మూతపడింది. ఏమని తిడుతుంది? ఇరవయ్యేళ్ళ నుంచి గూటిని దేవుడి పటంలా చూసుకుంటున్నవాడాయె! "లోపల పిల్లలున్నాయిరా" అంది. అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

గూళ్ళన్నీ దించి చూశారు. కొన్ని ఖాళీ. రెండింట్లో గుడ్లు పగిలిపోయి ఉన్నాయి. నాలుగింట్లో పిల్లలు ఇంకా నోళ్ళు తెరుస్తున్నాయి. కప్పిన శాలువాలోనే ఆ నాలుగు గూళ్ళూ పొదివి పట్టుకుని ఆమె ఆటో ఎక్కింది. ముఖ్య అతిథి చేతిలో జ్ఞాపిక చేతిలోనే ఉండిపోయింది. వెనక ఇంకో మూడు ఆటోల్లో సగం కాలేజీ బయల్దేరింది.

చెట్టు కింద సుబ్బయ్య తల పట్టుకున్నాడు. గీత కార్మికుడు, పెద్దవాడు. "చీకట్లో కోసి కిందికి జారేశానమ్మా. ఏది ఏ మట్టదో ఎట్టా చెప్పేది! ఏదో ఒకచోట కట్టేస్తే రావా అవి?"

"రావు సుబ్బయ్యా. చెయ్యంత దూరం తప్పినా రావు."

చెట్టు నిండా వందకు తక్కువ లేని గూళ్ళు, వాటిలో ఈ నాలుగింటి చోటేదో. దేవకుమారికీ గుర్తు లేదు. 'ప్రభువా, ఇన్నేళ్ళు చూశానే, ఇదొక్కటి చూసుకోలేదే' అనుకుని పైకి చూస్తూ నిలబడిపోయింది. శాలువాలో పిల్లల అరుపు సన్నబడుతోంది. వెనకొచ్చిన జనం గుసగుసలాడుతుంటే రాజారత్నం పాత డ్రిల్లు గొంతును అదుపులో పెట్టుకుని, "ఎక్కడివాళ్ళక్కడే! ఒక్కడు కదిలితే చూడండి!" అని గట్టు దిగువనే అందర్నీ ఆపేశాడు.

అప్పుడొక ఆడపిట్ట వచ్చింది. నోట్లో మిడత. రెండు గూళ్ళ మధ్య ఉత్తగాలిలో రెక్కలాడిస్తూ ఆగింది. పోయింది. మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది.

ఎన్నో ఏళ్ళ కిందట ఆమెను ఏడిపించిన దృశ్యం అదే. ఈసారి దేవకుమారి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"సుబ్బయ్యా! మనకెందుకు గుర్తుండాలి, తల్లికి గుర్తుంది! నోట్లో పురుగు పట్టుకుని ఏ తల్లి ఎక్కడ ఆగుతుందో అక్కడ కట్టు!"

"ఏ గూడు కట్టాలమ్మా?"

"ఏదైనా సరే. దానికి చోటే తెలుసు. ఆ చోట నోరు తెరిచిన పిల్లకు మేత పెడుతుంది."

నడుముకు మోకు తాడు బిగించి, ఒక గూడు పట్టుకుని సుబ్బయ్య పైకెక్కాడు. కట్టి పక్కకు తప్పుకున్నాడో లేదో, తల్లి గొట్టంలోకి దూరింది. గట్టు కింద జనం చప్పట్లు కొట్టబోతే రాజారత్నం ఒక్క చూపు చూశాడు. రెండో తల్లి, మూడో తల్లి కూడా చోటు చూపించాయి. నాలుగో తల్లి జాడ లేదు.

చినుకులు మొదలయ్యాయి. జనం ఒక్కొక్కరే ఆటోలెక్కారు. శాలేమురాజు గంజిపెట్టిన తెల్లబట్టలతో బురదలో నిలబడి, చివరి గూటిని బొత్తాలు విప్పిన చొక్కా లోపల గుండెకు ఆనించుకున్నాడు.

"నన్నొక్క మాట తిట్టండి మేడమ్. మీరు తిట్టకపోతే నేను ఉండలేనండి."

"ఏమని తిట్టనురా? నేను మీకందరికీ ఖాళీ గూళ్ళే ఇచ్చాను. గూడంటే అదేననుకున్నావు నువ్వు" అంటూ ఆమె ఒక కొస తనమీద ఉంచుకుని శాలువాను అతని తలమీదికి లాగింది. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

వాన కాస్త తగ్గాక, కాలవ అవతల నుంచి ఒక పిట్ట తడిసిన రెక్కలతో వచ్చింది. ఎండిన మట్ట ఒకదాని కింద గాలిలో ఆగింది. నోట్లో గొంగళిపురుగు. సుబ్బయ్య అప్పటికే సగం చెట్టు ఎక్కేశాడు. గూడు కట్టాడు. తల్లి వాలింది, అటూ ఇటూ చూసింది, లోపలికి పోయింది. పిల్లల గోల కింది దాకా వినిపించింది.

చెట్టు మొదట్లో ఎప్పుడూ ఉంచే తన స్టూలు మీది నుంచి దేవకుమారి మోకాళ్ళు పట్టుకుని లేచింది. "పదండి, పదండి. మండపంలో వాళ్ళు నా స్పందన కోసం కూర్చున్నారేమో, పాపం."

శాలేమురాజు కదల్లేదు. మేడమ్ చేతిసంచిలోంచి తీసుకున్న బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని గూటివైపే చూస్తున్నాడు.

"ఉండండి మేడమ్," అన్నాడు. "రెండోసారి రావాలి కదండి."

ఆమె అతన్ని ఒక్క క్షణం చూసి, మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. రాజారత్నం వానాకాలపు అలవాటుగా వెంట తెచ్చిన ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇద్దరి మధ్యా పెట్టాడు. అది చల్లారేలోపే తల్లి రెండో పురుగు తెచ్చింది.