ఎంజైము వెయ్యని గొట్టం

మొన్న లక్సెట్టిపేట నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ సార్ పోయిండ్రు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నరు, గట్లనే పోయిండ్రు." ఆమె సార్ భార్య. ఆయన దగ్గర పరిశోధన చేసిన మా అందరికీ అమ్మే.

కరీంనగర్‌లో నేను సార్ దగ్గర పీహెచ్‌డీ చేశాను. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారుచేసే ఎంజైము పనిచేస్తోందో లేదో బంగారు నానో కణాలతో పసిగట్టడం మా పని. కంటికి కనిపించని ఆ కణాలు విడివిడిగా ఉంటే ద్రావణం ఎర్రగా ఉంటుంది, అంటుకుంటే నీలమవుతుంది. ఎంజైము పనిచేస్తే నీలం రావాలి. మందు దాన్ని ఆపితే ఎరుపు నిలవాలి.

సార్ బెల్లంపల్లి గని కార్మికుడి కొడుకు. ఆయన బాపు గుండెపోటుతో పోయారట. ఆ సంగతి ఒక్కసారే చెప్పారు. "పెద్ద మిషన్ లేకున్నా కంటితోని తెల్వాలె" అని మాత్రం రోజూ అనేవారు. మేం కడిగిన గొట్టాలను మళ్లీ కడిగేవారు. మధ్యాహ్నం ఎదురుగా ఎవరుంటే వాళ్లకు సగం జొన్నరొట్టె.

రెండో ఏడు నాకు చక్కని నీలం వచ్చింది. సంబరంగా వ్యాసం రాసి చూపించాను.

"ఎంజైము వెయ్యని గొట్టం ఏది?" అన్నారు.

"అది మంచిగ రాలే సార్. అందుకే రాయలే."

"ఏం రంగొచ్చింది?"

"నీలమే."

ఆయన కోప్పడలేదు. రొట్టె తుంచి నా చేతిలో పెట్టారు. "ముందుగాల తిను. మనకు నిజం చెప్పింది గదొక్కటే."

ఆ సాయంత్రానికి తప్పు దొరికింది. మేం కలిపే ద్రావణంలో ఉప్పు ఎక్కువై, ఎంజైము లేకున్నా కణాలు వాటంతటవే అంటుకుంటున్నాయి. ఏడాది కష్టం పక్కన పెట్టాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా" అని, మర్నాటి నుంచి నా పక్కనే నిలబడి గొట్టాలు కడిగారు.

అన్నీ సరిగ్గా వచ్చేసరికి సార్ రిటైరై లక్సెట్టిపేట వెళ్లిపోయారు. గొట్టాలు తువ్వాల్లో చుట్టుకుని బస్సెక్కాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కొక్కటే చూశారు.

"కొలెస్ట్రాల్ మాత్ర కలిపింది ఎర్రగనే ఉన్నదే. నేను రోజు మింగేది గిదేనా?"

"గదే సార్."

"అయితే పనిచేస్తున్నట్టే" అని నవ్వి, వంటింట్లోంచి అమ్మను పిలిచారు. "ఇటు రా, గిది బంగారం."

"గింత బంగారంల ముక్కుపుడకన్న అయితదా?" అంటూ ఆమె పిండి చేతులతోనే వచ్చింది.

సార్ గొట్టాన్ని కిటికీ ఎండలోకి ఎత్తి పట్టుకున్నారు. అమ్మ పిండి చేతి మీద చిన్న ఎర్రటి వెలుగు పడింది. అది జారిపోతుందన్నట్టు ఆమె చెయ్యి కదపకుండా నిలబడింది.