పన్నెండుమంది కావాలనే నేయోరమ్మ

“ఒక్క జడ్జీనా? ఆయనకు పొద్దున్నే కడుపునొప్పి వచ్చిందనుకో, మనవాడు జైలుకే! పన్నెండుమందికీ ఒకేసారి కడుపునొప్పి వస్తుందట్రా?”

ఇదీ మా సానికెలీ ఊరి లాయరమ్మ నేయోర్ వరస. ముద్దాయి కోరుకోవచ్చు: జడ్జి ఒక్కడే తేల్చడమా, ఊళ్లోంచి పిలిచిన పన్నెండుమంది జ్యూరీ తేల్చడమా అని. నేయోరమ్మ దగ్గర ఆ బేరం లేదు. కోడిపెట్ట దొంగతనమైనా జ్యూరీయే.

కోర్టుతో ఆగితే బాగుండేది. తలగుడ్డ కొనాలన్నా దారినపోయేవాళ్లను ఆపేది. “ఆకుపచ్చా, పసుపా? చెప్పి కదులు!” ఇంట్లో పులుసు రుచి చూసి మొగుడు బాగుందంటే కొట్టిపారేసేది. “నీ ఒక్కడి నాలుకా తీర్పు చెప్పేది?” గరిటె వీధంతా తిరిగేది. తీర్పు వచ్చేసరికి పాపం ఆయనకు ఎముకలు మిగిలేవి.

ఆ కోర్టులో నేను దుబాసీని. మా ఊరివాళ్లు మానో భాషలో చెప్పింది జడ్జిగారికి ఇంగ్లీషులో అప్పజెబుతాను. సువా కేసులో ఆవిడ లేచి, “జ్యూరీ వద్దు. జడ్జిగారే తేల్చాలి,” అనగానే గుమాస్తా చేతిలో కలం జారింది.

సువా మా ప్రాంతపు ఘన వేటగాడు. చీకట్లో ఆకు కదిలినా తన గురి తప్పదని తనే చెప్పుకునేవాడు. పొరుగింటి మేకను ఎత్తుకుపోయాడని కేసు. రుజువైతే జైలే.

“ఆ సాయంత్రం ఎక్కడున్నావ్?” అని పోలీసులు అడిగితే, “అడవిలో. ఒక్కణ్ణే,” అన్నాడట.

“సాక్షులెవరు?”

“జింకలు.”

విచారణ రోజు కోర్టు బోసిపోయింది. జ్యూరీ లేకపోతే తమాషా ఏముంటుందని జనం బంతాటకు పోయారు. నేయోరమ్మ పిలిచిన సాక్షి పక్క ఊరు గాంటా బజారులో మాంసం అమ్మే ఆవిడ.

“ఆ సాయంత్రం ఇతను నా దగ్గరే ఉన్నాడు బాబూ. ఎప్పుడూ వచ్చేవాడే. జింక తొడకు బేరమాడి ప్రాణం తీస్తాడు.”

ఘన వేటగాడు జింకను బజారులో కొంటాడా అని నేను ఆవిడకేసే చూస్తున్నాను. “చెప్పవయ్యా!” అని జడ్జిగారు కసిరితే ఎలాగో చెప్పాను.

సువా తల వంచుకున్నాడు. “కళ్లు మసకబారి కొన్నేళ్లయింది దొరా. ఊరికి తెలిస్తే నవ్వుతారు. అంతకంటే జైలే నయమన్నాను. ఈ లాయరమ్మ తల్లి వినలేదు.”

జడ్జిగారు నవ్వు ఆపుకుని నిర్దోషి అన్నారు. సువాతో పాటు నేనూ గట్టిగా ఊపిరి వదిలాను. ఇప్పుడు సువాయే ఈ సంగతి మనవలకు చెప్పి పడీపడీ నవ్వుతున్నాడు కనుక రాస్తున్నాను.

బయట ఎప్పుడూ జ్యూరీలో కూర్చునే చేపలమ్మే ఆడవాళ్లు కాచుకుని ఉన్నారు. “ఏం లాయరమ్మా, మేం పనికిరాలేదా? జడ్జిగారే ముద్దొచ్చారా?”

“రోజూ మీ మొహాలే చూడలేకపోయానే!” అని నేయోరమ్మ వాళ్ల తిట్లన్నీ తినేసింది.

“జడ్జిగారికి మాత్రం తెలిసిపోయిందిగా?” అన్నాను గుసగుసగా.

“ఆయన వచ్చే నెల ఇంకో జిల్లాకు బదిలీ. జ్యూరీ ఎక్కడికి పోతుందిరా? తిన్నగా పన్నెండు వంటిళ్లలోకి! సరేగానీ, సాక్షిని గాంటా బండెక్కించు. ఎక్కించేటప్పుడు చెవిలో ఓ మాట వెయ్యి. ఇకమీదట సువాకు తూటా దెబ్బ ఉన్న జింకనే ఇమ్మను. పోయినసారి తనే కొట్టానని ఊళ్లో చూపించినదాని కాలికి ఉచ్చు గుర్తు నాకే కనబడింది!”