చామంతి లేని చేను

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు నవ్వొస్తుంది. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతని నేననను. మరేమనాలో తెలియడం లేదు, అంతే.

మాది బాపట్ల వైపు. ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. మొయినాబాద్ దగ్గర ఎంకపల్లిలో చిన్న ఇల్లు కొన్నాం. పెరటి గోడ అవతల ఎల్లవ్వ చేను. ఏటా చామంతి వేసేది.

పూలు విచ్చాయంటే నా భార్య సుధకు గొంతు పట్టేసేది. కళ్లమంట, పొడిదగ్గు, ఆపైన ఆయాసం. చేవెళ్లలో డాక్టర్ గారు పుప్పొడి ఒక్కటే కారణం కాకపోవచ్చన్నారు. పూల ఘాటులో ఉండి గాలిలో కలిసే పదార్థాలు కూడా సున్నితమైన ఊపిరితిత్తులను రేపుతాయట. నిజమే, పూలు కోసేస్తే తగ్గేది.

ఒక ఏడు మరీ ఎక్కువైంది. సుధ పెదవులు నీలంగా మారాయి. ఎల్లవ్వ కొడుకు యాదయ్య మార్కెట్‌కని ఎక్కించిన పూలమూటలు దింపేసి, అదే ట్రాలీ ఆటోలో మమ్మల్ని దవాఖానకు చేర్చాడు. దారంతా ఎల్లవ్వే సుధ వీపు నిమురుతూ కూర్చుంది.

"ఇగ పూలు ఏయను బిడ్డ. నీ పానం కంటె ఎక్కువనా?" అంది. మేం వద్దన్నా వినలేదు. ఆ తర్వాతి పంటకు చేను దున్నించి టమాట వేసింది.

మళ్లీ చామంతి పూసే చలికాలం వచ్చింది. ఒక ఉదయం పెరట్లో బట్టలు ఆరేస్తూ సుధ ఆగిపోయింది. "చామంతి వాసన," అంది. వెంటనే దగ్గు. అంతలో నాకూ తగిలింది, ఆకు నలిపినట్టుండే ఆ చేదు ఘాటు. ఎలర్జీ ఎరగని నాకే గొంతు గరగరలాడింది.

ఇన్‌హేలర్ తెచ్చేసరికి, టమాట సాళ్లలో ఎల్లవ్వ కొంగుతో ముక్కు మూసుకొని నిలబడి ఉంది.

"సార్, పూలేమన్న తెచ్చిండ్రా?"

"లేదవ్వా. నువ్వే ఎక్కడన్నా నాటావేమో అనుకున్నాను."

"ఒక్క మొక్క లేదు. నాగ్గూడ గొంతు గోకుతున్నది. ఇన్నేండ్లు పూలల్లనే ఉన్న, ఎన్నడు గిట్ల కాలే."

సుధను లోపల కూర్చోబెట్టి కిటికీలు మూశాను. యాదయ్యా నేనూ బండి మీద చుట్టుపక్కలంతా తిరిగాం. చామంతి కనిపించింది ఎక్కడో ఆలూరు దగ్గర. గాలేమో ఇటునుంచి అటు వీస్తోంది.

మా భ్రమేమో చూద్దామని, పెరట్లో ఆరిన తువ్వాలు కవర్లో కట్టి డాక్టర్ గారికిచ్చాను. ఏమీ చెప్పకుండా వాసన చూడమన్నాను. ఆయన ముఖం వెనక్కి తీసుకున్నారు.

"మళ్లీ చామంతి వేశారా అక్కడ?"

పాత వేర్లేమో, మట్టిలో కలిసిన ఆకులేమో అని ఎంతో ఆలోచించాను. అలాగైతే దున్నినప్పుడు రావాలి కదా, సరిగ్గా పూతకాలంలోనే ఎందుకొచ్చినట్టు? మామూలుగా పూలకోతలు ముగిసే వేళకు ఆ వాసన దానంతటదే పోయింది. అదెక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ ఏడు ఎల్లవ్వ గోడ దగ్గరకొచ్చి సుధను పిలిచింది.

"మల్ల పూలే ఏద్దామా బిడ్డ? ఎయ్యకున్నా వాసనైతె వచ్చె. కండ్ల ముంగట ఉంటె, యాడికెళ్లి వస్తున్నదో అని ఫికర్ పడుడన్న ఉండది."

సుధ చేతిలోని ఇన్‌హేలర్ ఒకసారి చూసుకుని, ఆ ఖాళీ చేను వైపు తిరిగింది.

"వెయ్యి అవ్వా," అంది.