అత్తయ్యగారు బిగించిన మూత

ఇంట్లో బీరు చేయడానికి పొద్దున మాల్టు నీళ్ళలో ఈస్ట్ కలిపి గాజు సీసాలో పోశాను. గ్యాస్ పోవాలని మూత వదులుగా పెట్టి ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రం సింగపూర్ పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చేసరికి ఆ మూత ఉబ్బి ఉంది. మా నాలుగేళ్ళ పాప సీసాకు చెవి ఆనించి, “నాన్నా, ఇట్స్ సింగింగ్ లా!” అంది.

సీసా పేలితే గాజు ముందు తగిలేది ఆ ముఖానికే. పాపను లాగి అత్తయ్యగారి చేతికిచ్చాను.

“చీమలు పడతాయని నేనే బిగించా బాబూ. బ్రెడ్డు పిండిలో కలిపేదేగా, దానికింత కంగారేంటి?” అన్నారావిడ.

ఇద్దరినీ బయటికి పంపి, సీసా మీద తువ్వాలు కప్పి, మూత మెల్లగా తిప్పాను. బుస్సుమని గ్యాస్ పోయింది.

అత్తయ్యగారికి బీరని చెప్పలేక బ్రెడ్డుకని చెప్పింది నేనే. భోజనాల్లోపు నిజం చెప్పాలి. మీరైతే ఎలా మొదలుపెడతారు?